వెయ్యలేదన్న మాట

"వద్దు వదినా, తీసెయ్. ఈ ఇంట్లో పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టను."

షారోన్ ఇడ్లీ పళ్ళేన్ని అవతలికి నెట్టింది. అది గచ్చు మీద జారి గడపకు తగిలి ఆగింది. చట్నీ ఒలికింది.

క్రిస్టినా గుడ్డ తెచ్చి తుడిచింది. "నిన్న బాపట్ల నుంచి వచ్చినకాడి నుంచీ నీ నోట్లో మెతుకు పడలా. పాలిచ్చేదానివి. మా మీద కోపం పసివాడి మీద చూపిస్తావా?"

"పసివాడి సంగతి ఎత్తకు. వాడి బాప్తిస్మానికనే బయల్దేరింది మా అమ్మ. గుడికి రావలసిన మనిషి కాలవలోకి పోయింది."

"నేనేమన్నా తోశానా?"

"నువ్వు కాదు. నీ మొగుడు."

వసారాలో బల్ల మీద కూర్చున్న ఇస్సాకు తల ఎత్తలేదు. కూతురి మాటలు విన్నాడు, కోడలి ఏడుపు విన్నాడు. ఎవరినీ ఊరుకోమనలేదు. మాట్లాడడం ఆయనకు చిన్నప్పటి నుంచీ కష్టమే. ఇంట్లో మాటలన్నీ నాగమ్మే మాట్లాడేది.

నాగమ్మ పోయి ఇవాళ్టికి ముప్పై రోజులు. వాకిట్లో షామియానా వాళ్ళు గుంజలు పాతుతున్నారు. సాయంత్రం నాలుగింటికి ఆమె జ్ఞాపకంగా ఆదరణ కూడిక. పాస్టరు శాలేమురాజు అయ్యగారు వాక్యం చెబుతారు. ఆ తర్వాత ఇంట్లోవాళ్ళు ఒక్కొక్కరే లేచి తమ మనసులో మాట సాక్ష్యంగా చెప్పాలి.

"నీ మొగుడు, నీ మొగుడు అనకు. నీకు అన్నయ్య కాడా?" అంది క్రిస్టినా. "నెల్రోజుల్నుంచి ఆయనతో ఒక్క మాట మాట్లాడావా? ఇవ్వాల్సింది ఉంటే నీ మేనకోడలు పింకీ చేత ఇప్పిస్తావు. చెప్పాల్సింది ఉంటే గోడకి చెబుతావు. ఆయన పెరట్లో పంపు దగ్గర కూర్చుని రోజుకి నాలుగుసార్లు కుడికాలు చూసుకుంటాడు. నాకు భయమేస్తోంది షారోన్."

"చూసుకోనీ. ఆ కాలు ఆ రోజు పనిచేస్తే మా అమ్మ ఉండేది."

క్రిస్టినా ఇంకేదో అనబోయింది. అంతలో వీధి గుమ్మంలో గొంతు వినిపించింది.

"వందనాలండి బాబాయ్ గారూ!"

తెనాలి నుంచి నాగమల్లేశ్వరరావు. బట్టల కొట్టాయన. హిందువే అయినా, ఈ ఇంటికి నాలుగుసార్లు వచ్చేసరికి వందనాలు అలవాటైపోయింది. ఇస్సాకు కొడుకు ఫ్రాన్సిస్ కొన్న బండిలాంటిదే ఆయనా కొన్నాడు. ఏడుగురు పట్టే బండి, అదే కంపెనీ, అదే రంగు.

"బండిలో వచ్చారా అన్నయ్య గారూ?" అంది క్రిస్టినా కళ్ళు తుడుచుకుంటూ.

"దాంట్లోనా! దాని మీద పరదా కప్పి, నాలుగు చక్రాలకీ అటూ ఇటూ ఇటుకలు పెట్టానమ్మా. మా ఆవిడైతే దాని పక్కనించి నడవనన్నా నడవదు. ప్యాసింజర్‌కి వచ్చా." నవ్వబోయాడు గానీ పళ్ళెం వంకా షారోన్ మొహం వంకా చూసి మానేశాడు. బల్ల మీద ఇస్సాకు పక్కనే కూర్చుని సంచీలోంచి కాగితాలు తీశాడు.

"మన ఫిర్యాదుకి కంపెనీ వాళ్ళు జవాబిచ్చారు బాబాయ్. మేం ముప్పై ఒక్కమందిమి రాశాం. నాకు బోసు రోడ్డులో పెడలు రాయిలాగా బిగుసుకుపోయింది. రెండు కాళ్ళూ పెట్టి తొక్కినా దిగలా. పుచ్చకాయల బండి అడ్డం వచ్చింది కాబట్టి బతికా. పొన్నూరు డాక్టరు గారికి రైలు గేటు ముందు అట్టాగే అయింది. షోరూముకి తీసుకెళ్తే మాత్రం బంగారంలాగా పట్టుద్ది. పన్ను నొప్పి డాక్టరుని చూడగానే పోయినట్టు."

"మా వాడూ రెండుసార్లు తీసుకెళ్ళాడు," అన్నాడు ఇస్సాకు.

"అదే రాశాం. కాలవలోంచి తీశాక రవాణా ఇన్‌స్పెక్టరు చూస్తే బ్రేకు బాగానే పట్టిందంట. అది పట్టుకున్నారు వాళ్ళు. ఇంకోటి కూడా పట్టుకున్నారు." నాగమల్లేశ్వరరావు కాగితం విప్పాడు. చదవడానికి ఇష్టం లేనట్టు ఒకసారి లోపలికి చూశాడు. "మీరు ఏమనుకోకూడదు. 'వాహనంలో ఏ లోపమూ లేదు. నడిపిన వ్యక్తి బ్రేకు వేయకపోవడమే ప్రమాదానికి కారణం. ముందు సీట్లో కూర్చున్న అతని తండ్రి పోలీసులకిచ్చిన వాంగ్మూలమే ఇందుకు రుజువు.' దాని నకలు కూడా పెట్టారు."

"చదవండి," అంది షారోన్ గుమ్మంలోకి వచ్చి.

"'బ్రేకు వెయ్యరా అని నేను అరిచాను. మా అబ్బాయి బ్రేకు వెయ్యలేదు. బండి కాలవలో పడింది. వెనక కూర్చున్న నా భార్య చనిపోయింది.' కింద బాబాయ్ గారి సంతకం ఉంది."

వాకిట్లో గుంజ మీద సుత్తి దెబ్బలు వినబడుతున్నాయి.

"విన్నావా వదినా?" అంది షారోన్. "నేను కల్పించి చెబుతున్నానా? ఆ రోజు ఆసుపత్రి వరండాలో నేను పక్కనే ఉన్నా. నా చెవులతో విన్నా. మా నాన్న అబద్ధం చెప్పడు. ఎవరికోసమూ చెప్పడు."

ఫ్రాన్సిస్ ఎప్పుడు వచ్చాడో, వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. నెల్లాళ్ళ గడ్డం. హైస్కూల్లో లెక్కలు చెప్పే మనిషి, ఇప్పుడు ఎవరైనా పేరు పిలిస్తే ఉలిక్కిపడుతున్నాడు. నిర్లక్ష్యంగా నడిపి చావుకి కారణమయ్యాడని కేసు. అది నిలబడితే ఉద్యోగం ఉండదు, జైలు తప్పదు.

"అట్టా చెప్పావా నాన్నా?" అన్నాడు.

ఇస్సాకు కొడుకు కళ్ళలోకి చూడలేకపోయాడు.

"చెప్పా."

ఫ్రాన్సిస్ కాసేపు ఆలోచించాడు. పిల్లవాడు తెచ్చి చూపించిన లెక్క తప్పో ఒప్పో చూస్తున్నట్టుగా ఉంది ఆ మొహం.

"అయితే సరేలే," అని మళ్ళీ పెరట్లోకి వెళ్ళిపోయాడు.

ఆ మాట ఇస్సాకు గుండెలో గుచ్చుకుంది. కోపంగా అంటే బావుండేది. తిడితే ఇంకా బావుండేది. కండువా భుజాన వేసుకుని లేచాడు.

"పద బాబూ."

"ఎక్కడికి బాబాయ్?"

"పోలీసు స్టేషనుకి."

"కూడిక పెట్టుకుని ఇప్పుడెక్కడికి నాన్నా?" అని షారోన్ వెనకనుంచి కేకేసింది. ఆయన అప్పటికే వీధిలో ఉన్నాడు.

*

బస్సు చెరుకుపల్లి దాటింది. నాగమల్లేశ్వరరావు ఊరుకోలేని మనిషి. రెండుసార్లు టికెట్లు మడిచాడు, విప్పాడు. చివరికి అడిగేశాడు.

"నిజంగానే వెయ్యలేదా బాబాయ్? మీరు నాతో చెప్పినా ఫరవాలేదు. నేనెవరికీ చెప్పను."

"వేశాడు."

"ఆఁ?"

"బ్రేకు వెయ్యరా అని నేను అరిచా. 'వేశా నాన్నా, పడట్లా, పడట్లా' అన్నాడు వాడు. రెండుసార్లు అన్నాడు. అప్పుడే బండి కాలవ గట్టు ఎక్కింది."

"మరి అట్టా ఎందుకు చెప్పారండీ!" నాగమల్లేశ్వరరావు గొంతు పెరిగింది. ముందు సీట్లో వాళ్ళు వెనక్కి తిరిగి చూశారు.

ఇస్సాకు తన అరచేతులు చూసుకున్నాడు. ముప్పై నాలుగేళ్ళు కాలవ మీద లస్కరుగా చేసిన చేతులు. షట్టర్లు ఎత్తి, దించి, పొలాలకు నీళ్ళు వదిలిన చేతులు.

"కొత్తలో ఒకసారి షట్టరు కింద మట్టి పేరుకుని దిగలా. నీళ్ళు పొర్లి ఒకాయన నారుమడి కొట్టుకుపోయింది. ఇంజనీరు గారొచ్చి ఏంట్రా ఇది అన్నాడు. షట్టరు దిగలేదండి అన్నా. దవడ మీద కొట్టాడు. 'ఇనుముకి కాళ్ళున్నాయా, దిగడానికి? నువ్వు దించలేదు. దించలేదు అని చెప్పు' అన్నాడు. దించలేదండి అని చెప్పా. అప్పుడు వదిలేశాడు."

"అయితే?"

"ఆ తర్వాత ఎప్పుడూ దిగలేదనలా. తుప్పు పట్టినా, గొలుసు తెగినా, నేనే దించలేదండి అనేవాణ్ణి. అట్టా అంటే తొందరగా వదిలేసేవాళ్ళు. అందరం అట్టాగే చెప్పేవాళ్ళం. దించలేదన్నా దిగలేదన్నా మాకు ఒకటే అయిపోయింది. ఆ రోజు ఆసుపత్రిలో..." ఆగాడు. "లోపల మీ పిన్నిగారు చాప మీద ఉంది. చీర కొంగులోంచి నీళ్ళు కారుతున్నాయి. ఖాకీ బట్టలాయన నా ముందు నిలబడి బ్రేకు వెయ్యలేదా అనడిగాడు. నా నోరు దానంతటదే వెయ్యలేదండి అంది."

నాగమల్లేశ్వరరావు తన కండువా చివర పట్టుకుని మొహం తుడుచుకున్నాడు.

చందోలు దాటాక రోడ్డు కాలవ పక్కకు తిరిగింది. మలుపులో గట్టు కొత్తగా పోసిన మట్టితో ఎర్రగా ఉంది. ఇస్సాకు ఆ వైపు చూడలేదు. ఎన్నో ఏళ్ళు తన చేతిమీదుగా పోయిన నీళ్ళే అవి. ఏ నెలలో ఎంత లోతుంటాయో ఆయనకు తెలుసు. ఆ రోజు వెనక తలుపు తెరుచుకుని ఉంటే నాగమ్మ మెడలోతు నీళ్ళలో నిలబడి ఉండేది.

*

హెడ్ కానిస్టేబుల్ వీరాస్వామి చెడ్డవాడు కాదు. కుర్చీ వేసి కూర్చోబెట్టాడు, మంచినీళ్ళిచ్చాడు. అంతా విన్నాక తల గోక్కున్నాడు.

"నేను రెండుసార్లు అడిగాను పెద్దాయనా. రాశాక చదివి వినిపించా కూడా. కళ్ళజోడు కాలవలో పోయిందన్నావు కదా, అందుకే చదివా. సరిగ్గా ఉందా అంటే తల ఊపావు."

"ఊపా అండి."

"ఇప్పుడు ఈ బట్టల సేటు వచ్చి మాట మార్పిస్తున్నాడని కంపెనీ వాళ్ళంటే?"

"నేను పిలవలేదండీ, ఆయనే నన్ను లాక్కొచ్చాడు," అన్నాడు నాగమల్లేశ్వరరావు.

"అనేవాళ్ళు అంటార్లే." వీరాస్వామి తెల్లకాగితం తీశాడు. "రెండోసారి రాసుకుంటా, కాదనను. కానీ కోర్టులో నిలబెట్టి అడుగుతారు, ఈ రెండిట్లో అబద్ధం ఏదని. అబ్బాయి బ్రేకు మీద కాలు పెట్టడం నువ్వు కళ్ళారా చూశావా?"

ఇస్సాకు ఆలోచించాడు. చూశానంటే పని అయిపోతుంది. నాగమల్లేశ్వరరావు ఆయన మోకాలు నొక్కాడు.

"చూళ్ళేదండి. రోడ్డు వంక చూస్తున్నా. పడట్లేదనడం విన్నా. అంతే."

నాగమల్లేశ్వరరావు చెయ్యి తీసేశాడు.

"అదే రాస్తా," అన్నాడు వీరాస్వామి. రాశాడు. తర్వాత కాగితం ముందుకు జరిపాడు. "ఈసారి నువ్వే చదువు. తొందరేం లేదు."

మూడో తరగతితో ఆగిన చదువు. కొత్త కళ్ళజోడు ఇంకా అలవాటు కాలేదు. ఇస్సాకు అక్షరం మీద వేలు పెట్టి, ఒక్కొక్కటే కూడబలుక్కుంటూ చదివాడు. గోడ గడియారంలో అరగంట గడిచింది. 'పడటం లేదు' అన్నచోట వేలు ఆగింది. మళ్ళీ మొదట్నుంచి చదివి, అప్పుడు సంతకం పెట్టాడు.

"ఒక్క సంగతి గుర్తుంచుకోండి," అన్నాడు వీరాస్వామి గుమ్మందాకా వచ్చి. "నీ మాట రెండుగా చీలింది కాబట్టి దానికి విలువ సగమే. మీ అబ్బాయి మాత్రం మొదట్నుంచీ ఒకే మాట మీదున్నాడు, వేశాను పడలేదని. అతను దాన్నించి కదలకూడదు. ఎవరి దగ్గరా, ఎక్కడా. అది పోతే మీకింకేం లేదు. ఈ సేటు వాళ్ళకీ ఏం లేదు."

"మా బళ్ళు ఇంకా ఇరవై దాకా రోడ్డు మీదే తిరుగుతున్నాయండి," అన్నాడు నాగమల్లేశ్వరరావు. "పిల్లల్ని ఎక్కించుకుని."

"అందుకే చెబుతున్నా."

*

తిరుగు బస్సు ఆలస్యమైంది. రేపల్లెలో దిగేసరికి ఐదు దాటింది. ఇస్సాకు ఈ వయసులో అంత తొందరగా నడవడం నాగమల్లేశ్వరరావు చూడలేదు. దారిలో ఒక్కటే మాటన్నాడు ఆయన.

"ముందు వాడికి చెప్పాలి. తర్వాత అందరికీ."

షామియానా కింద పాట అయిపోవచ్చింది. క్రిస్టినా గేటు దగ్గరే నిలబడి ఉంది, పింకీని పొదువుకుని. మామగారిని చూడగానే ఎదురొచ్చి చెయ్యి పట్టుకుంది. ఎప్పుడూ అలా పట్టుకున్న పిల్ల కాదు.

"ఎందుకు పోయారు మామయ్యా? ఎక్కడికి పోయారు?"

"ఏమైందమ్మా?"

"సాక్ష్యం చెప్పమన్నారు అయ్యగారు. షారోన్ లేవలా. ఈయన లేచాడు. అందరిముందూ మోకాళ్ళ మీద పడ్డాడు. 'మా అమ్మని నేనే చంపుకున్నాను. మా నాన్న వెయ్యమని అరిచినా నేను బ్రేకు వెయ్యలేదు. ఇన్నాళ్ళూ బండి మీద నెపం పెట్టాను, దేవుడు నన్ను క్షమించాలి' అన్నాడు." క్రిస్టినాకు ఊపిరి అందడం లేదు. "అందరూ స్తోత్రం అన్నారు మామయ్యా. అయ్యగారు తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. నేనొక్కదాన్నే బయటికి వచ్చేశా."

"అయ్యో అయ్యో," అన్నాడు నాగమల్లేశ్వరరావు. షామియానా గుంజకు కట్టిన ఫోన్ వంక చూశాడు. దూరాన ఉన్న చుట్టాల కోసం కూడికంతా ఫోన్‌లో లైవు పెట్టారు. "అది కూడా వెళ్ళిందా అమ్మా అందులో?"

"వెళ్ళింది."

ఇస్సాకు కుర్చీల మధ్య నుంచి నడిచాడు. వందనాలు, వందనాలు అంటూ ఇటూ అటూ చేతులు జోడిస్తున్నారు. ఆయనకు ఎవరూ కనబడలేదు.

ముందు వరసలో నాగమ్మ ఫోటో పక్కన ఫ్రాన్సిస్ కూర్చుని ఉన్నాడు. షారోన్ అతని భుజం మీద తల పెట్టుకుని ఏడుస్తోంది. చిన్నప్పుడు దెబ్బ తగిలితే ఏడ్చినట్టు, వెక్కి వెక్కి. మధ్యమధ్యలో తల ఎత్తి కొంగుతో అన్న మొహం తుడుస్తోంది.

"ఎంత చిక్కిపోయావు అన్నయ్యా," అంటోంది. "నేను నిన్ను ఎన్ని మాటలన్నాను. ముందే ఒప్పుకుంటే పోయేది కదా. నేను నీ చెల్లెల్ని కానా? లే, ఇద్దరం కాస్త అన్నం తిందాం."

ఇస్సాకు కొడుకు ముందు వంగాడు. చెవి దగ్గర నోరు పెట్టాడు.

"ఒరే, నేను పొరపాటున అన్నాను. నువ్వు వేశావురా. పడట్లా అన్నావు. నేను విన్నా. ఇప్పుడే పోయి మళ్ళీ రాయించి వచ్చా."

ఫ్రాన్సిస్ తండ్రి వంక చూశాడు. ఆ చూపులో ఆశ్చర్యం లేదు, సంతోషం లేదు.

"నాకు తెలియట్లేదు నాన్నా," అన్నాడు లోగొంతుతో. "నెల్రోజులు ఆలోచించా. వేసినట్టే ఉంటది, వెయ్యనట్టే ఉంటది. నువ్వు వెయ్యలేదన్నావంటే వెయ్యలేదేమో అనుకున్నా."

"వేశావు."

"ఊరుకో నాన్నా." ఫ్రాన్సిస్ తండ్రి మణికట్టు పట్టుకున్నాడు. "ఇన్నాళ్ళకి చెల్లి ఇవాళే నాతో మాట్లాడింది. అన్నం తిందాం రమ్మంటోంది. నన్ను ఇట్టా ఉండనీ."

"జైలుకి పోతావురా."

"పోతా."

షారోన్ తలెత్తింది. "ఏంటి నాన్నా, ఏమంటున్నావు అన్నయ్యతో?"

అంతలో మైకులో శాలేమురాజు అయ్యగారి గొంతు వినిపించింది. "పెద్దాయన వచ్చారు. ప్రియులారా, కొడుకు ఒప్పుకోలు విన్నాం. ఇప్పుడు నాగమ్మ గారి భర్త, ఆ రోజు ఆ బండిలో ఉన్న మనిషి. ఇస్సాకు గారూ, రండి, రెండు మాటలు చెప్పండి."

ఎవరో చెయ్యి పట్టి ముందుకు నడిపించారు. మైకు అందించారు. అది చేతిలో చల్లగా, బరువుగా ఉంది. జీవితంలో ఆయన మైకు పట్టుకోవడం అదే మొదలు.

అందరూ చూస్తున్నారు. చివరన గుంజ పక్క నాగమల్లేశ్వరరావు రెండు చేతులూ జోడించి నిలబడ్డాడు. గేటు దగ్గర క్రిస్టినా పింకీని గట్టిగా పట్టుకుంది. ముందు వరసలో షారోన్ అన్న చేతిని తన రెండు చేతుల్లో పెట్టుకుని, తండ్రి ఏదో మంచి మాట చెబుతాడని ఎదురుచూస్తోంది. ఆమె పక్కన ఫ్రాన్సిస్, ఎవరికీ కనబడకుండా, తల అడ్డంగా ఊపుతున్నాడు.

"ఆ రోజు..." అన్నాడు ఇస్సాకు.

మైకు కీచుమంది. ఎవరో వచ్చి సరిచేశారు.

"ఆ రోజు బండిలో మా వాడు బ్రేకు..."